తొడలపై సౌందర్య శస్త్రచికిత్స: పశ్చాత్కర్మ చరిత్ర

సుశ్రుత సంహితలో శస్త్రవైద్యము మూడు భాగములుగా చెప్పబడినది. రోగిని, పనిముట్లను సిద్ధపరచుట పూర్వకర్మ. కోత కోయుట ప్రధానకర్మ. ఆ తరువాత గాయమును కాపాడుట, కట్టు మార్చుట, పథ్యము పెట్టుట పశ్చాత్కర్మ. చరిత్ర వ్రాయువారు సాధారణముగా రెండవ భాగమునే వర్ణింతురు. క్రొత్త కోతను కనిపెట్టిన వాని పేరు నిలుచును. రోగిని మొదటి దినముననే మంచము దింపి నడిపించిన వాని పేరు ఎవరికిని గుర్తుండదు. ఈ పక్షపాతము ఎంత తప్పో తెలిసికొనుటకు తొడల సౌందర్య చికిత్స మంచి ఉదాహరణము. ప్రాణము నిలుపుటకు గాక రూపము మార్చుటకు మాత్రమే ఆరోగ్యముగా నున్న శరీరముపై కత్తి పెట్టుచున్నారు గనుక, ఇచట కోలుకొనుటయే చికిత్సకు పరీక్ష. కాలు పోయినచో, చర్మము కుళ్ళినచో, ఏడాది తిరుగకమునుపే కొవ్వు మరల చేరినచో, కోత ఎంత నేర్పుగా కోసినను ప్రయోజనమేమి?

మొదట తొడ నిర్మాణమును కొంత చూడవలెను. చర్మము క్రింద కొవ్వుపొర, ఆ కొవ్వు నడుమ పలుచని నారపొరలు, వాని క్రింద కండరములను బిగించి పట్టిన దట్టమైన తొడుగు. కొవ్వు గుండా సన్నని రక్తనాళములు, నరములు పైకి పోయి చర్మమునకు చేరును. లోపలివైపున, గజ్జ దగ్గర, కాలినుండి వచ్చు రసనాళములన్నియు కలియును. పాదమున ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మనమందరము ఎరిగినదే. ఆ బిళ్ళలు ఈ రసనాళముల కూడలిలోనివే. కొవ్వును తీసివేయునప్పుడు ఈ మూడింటిని, అనగా చర్మపు రక్తమును, నరములను, రసనాళములను పాడుచేయకుండుట కష్టము. పైగా ముఖమునకు రక్తము ధారాళము, గాయము త్వరగా మానును. తొడలో అట్లు కాదు. రక్తము గుండెకు ఎదురెక్కి పోవలెను. గజ్జలో చెమట, రాపిడి. కూర్చున్నను నిలిచినను కుట్లపై లాగుడు.

ఈ కష్టమును మొట్టమొదట లోకమునకు తెలిపినది ఒక దుర్ఘటన. 1920ల దశకములో పారిస్ నగరమున ఒక యువతి తన కాళ్ళు లావుగా నున్నవని, సన్నము చేయుమని శార్ల్ దుజారియే అను వైద్యుని ఆశ్రయించెను. అతడు అనామకుడు కాడు; ఎముకల శస్త్రచికిత్సలో పేరు గన్నవాడు. అతడు పిక్కభాగమునుండి కొవ్వును తొలగించెను. రక్తప్రసారము దెబ్బతిని కాలు కుళ్ళనారంభించెను. చివరకు కాలు తీసివేయవలసి వచ్చెను. లావుగా నున్నను చక్కగా నడచుచుండిన కాలు అది.

వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. కేవలము రూపము కొరకు, ఆరోగ్యముగానున్న అవయవముపై, ప్రమాదకరమైన చికిత్సకు పూనుకొనుటయే తప్పని 1929లో మొదటి న్యాయస్థానము భావించి, వైద్యుడు నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 1931లో పైన్యాయస్థానము ఆ తీర్పును నిలిపినది గాని కారణమును మార్చినది. సౌందర్య చికిత్స చేయుట స్వతహాగా నేరము కాదు. రాగల అపాయమును రోగికి విప్పి చెప్పకపోవుట తప్పు అని దాని భావము. నా దృష్టిలో ఈ రెండవ తీర్పే లోతైనది. రోగికి ముందుగా చెప్పవలసినది కోత ఎట్లు కోయుదురన్న సంగతి కాదు. కోత తరువాత ఏమి కావచ్చునన్నది. పశ్చాత్కర్మ యొక్క జ్ఞానము పూర్వకర్మలోనికి వచ్చి చేరినది ఇచటనే.

ఈ సంఘటన తరువాత కాళ్ళ కొవ్వు జోలికి పోవుటకు వైద్యులు చాల కాలము జంకిరి. మరల ధైర్యము చేసినవారు కొవ్వును చీకటిలో గీకుటకు బదులు, చర్మమును తెరచి, కంటికి కనబడునట్లు కోసి తీయు పద్ధతిని ఎన్నుకొనిరి. 1957లో అమెరికా వైద్యుడు జె. ఆర్. లూయిస్ తొడ చర్మమును పైకి లాగి, మిగులును కోసివేసి కుట్టు పద్ధతిని ప్రకటించెను. 1964లో బ్రెజిల్ దేశపు ఈవో పిటాంగీ, రియో డి జనీరో నగరమున తాను చేయుచున్న చికిత్సను వివరించెను. తుంటి క్రింద, తొడల వెలుపలివైపు, గుఱ్ఱపు స్వారీ లాగు తొడిగినట్లు ఉబ్బియుండు కొవ్వును చర్మముతో సహా ఒకే ముక్కగా తీసివేయుట దానిలో ముఖ్యము. మచ్చ పిరుదు ముడతలో దాగునని ఆశ.

మచ్చ దాగలేదు. కారణము ఉన్నత పాఠశాల విద్యార్థి సయితము చెప్పగలడు. తొడ చర్మమునకు, దానిని అంటియున్న కొవ్వునకు బరువున్నది. ఆ బరువంతయు ఒక పలుచని చర్మపు కుట్టుపై వ్రేలాడినచో కుట్టు సాగును. మనిషి లేచి తిరుగనారంభించిన కొలదియు మచ్చ వెడల్పగుచు, గజ్జనుండి క్రిందికి జారుచు, చివరకు పొట్టిలాగు అంచు క్రింద కనబడుచుండెను. లోపలివైపు చేసిన చికిత్సలలో మర్మావయవముల చర్మము సయితము క్రిందికి లాగబడుచుండెను. శస్త్రశాలలో తీసిన కొలతలకును ఏడాది తరువాతి కొలతలకును పొంతన లేకపోయెను. ఈ లోపము చాల ఏండ్లు తీరలేదు. అనేకులు ఈ చికిత్సనే మానివేసిరి.

పరిష్కారము 1988లో వచ్చినది. అమెరికాలోని కాన్సస్ ప్రాంతమునకు చెందిన టెడ్ లాక్‌వుడ్, బరువును చర్మముపై వేయరాదని, లోపలి పొరపై వేయవలెనని చెప్పెను. గజ్జకు లోపలివైపున ఒక గట్టి నారపొర కలదు. పూర్వము డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు ఆబ్రహాం కాలెస్ వర్ణించినందున దానికి అతని పేరే నిలిచినది. లాక్‌వుడ్ తొడ చర్మపు అడుగు పొరను ఆ నారపొరకు కుట్టెను. ఇక చర్మపు కుట్టునకు మోయవలసిన బరువు లేదు. అంచులను కలిపి పట్టియుంచిన చాలును. చొక్కాజేబును గుడ్డకు అంటించుటకును, లోపల గట్టిపట్టీ వేసి కుట్టుటకును గల భేదమే ఇది. దర్జీలకు ఎప్పుడో తెలిసిన సంగతి వైద్యులకు తెలియుటకు 30 ఏండ్లు పట్టినదనుట కొంత కొంటెమాటయే గాని, అబద్ధము కాదు.

ఈ నడుమ మరియొక మార్గము తెరువబడెను. చర్మము సాగిపోక కొవ్వు మాత్రమే హెచ్చుగా నున్నవారికి పొడవైన కోత ఎందుకు? జర్మనీలోని కొలోన్ నగరపు యోసెఫ్ ష్రుడె చిన్న రంధ్రము గుండా పదునైన గీకుడు చెంచాను చొప్పించి కొవ్వును గీకుచుండెను. దుజారియే పద్ధతియే మరల వచ్చినదనవలెను. 1970ల మధ్యకాలమున రోము నగరమున తండ్రీకొడుకులైన అర్పాద్ ఫిషర్, జార్జియో ఫిషర్ గొట్టములో తిరుగు కత్తిని అమర్చి, కోసిన కొవ్వును పీల్చివేయు యంత్రమును తయారుచేసిరి. మచ్చ చిన్నదైనది. కాని కత్తి ఎడతెగకుండ తిరిగిన చోట చర్మమునకును అడుగుపొరకును నడుమ ఒక ఖాళీ సంచి ఏర్పడుచుండెను. శరీరము ఖాళీని సహింపదు. ఆ సంచిలో నెత్తురు గాని, రసి గాని చేరును. వారముల తరబడి సూదితో తీయుచుండవలెను.

1977లో పారిస్ నగరమున ఈవ్ జెరార్ ఇలూజ్ అను వైద్యుని యొద్దకు వీపుపై కొవ్వుగడ్డ గల ఒక యువతి వచ్చి, మచ్చ పడకుండ తీయుమని కోరినదట. అతడు మొన మొద్దుగానున్న గొట్టమును చొప్పించి పీల్చెను. ఈ మొద్దుతనమే గొప్ప. కొవ్వు మెత్తనిది, పీల్పునకు లొంగును. రక్తనాళములు, నరములు గట్టివి. మొద్దు మొన తగిలినచో ప్రక్కకు తప్పుకొనును. గొట్టమును ముందుకు వెనుకకు నడిపినప్పుడు సొరంగములు ఏర్పడును, సొరంగముల నడుమ గోడలు మిగులును. తేనెపట్టు వంటి ఆ గోడలలోనే చర్మమునకు పోవు నాళములన్నియు ఉండును. చికిత్స తరువాత ఆ గోడలు కుంచించుకొని చర్మమును లోపలికి లాగుకొనును. ఇలూజ్ ప్రతిభ తీసివేయుటలో లేదు, మిగిల్చుటలో ఉన్నది. అతని సమకాలికుడు పియేర్ ఫూర్నియే సొరంగములను అడ్డముగను నిలువుగను త్రవ్వి, చికిత్స ముగియగనే గట్టిపట్టీలతో బిగించి కట్టు పద్ధతిని ప్రచారము చేసెను.

అయినను నెత్తురు నష్టము మిక్కుటముగా ఉండెను. పీల్చిన దానిలో 20 నుండి 45 శాతము వరకు రక్తమే యుండెడిది. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రకటించిన ఉపాయము దీనిని మార్చినది. మిక్కిలి పలుచగా కలిపిన తిమ్మిరిమందును, నాళములను ముడుచు ఎడ్రినలిన్‌ను లీటర్ల కొలది ఉప్పునీటితో కొవ్వులోనికి ఎక్కించి, అది ఉబ్బి గట్టిపడిన పిమ్మట పీల్చుట ఆ ఉపాయము. పీల్చిన కొవ్వులో రక్తము సుమారు ఒక శాతమునకు దిగెను. రోగికి పూర్తి మత్తు ఈయవలసిన అవసరము అనేక సందర్భములలో తప్పెను. మెలకువగా నున్న రోగి లేచి నడచి ఇంటికి పోగలడు. ఆ నడకయే అన్నిటికంటె ముఖ్యమని ఇప్పుడు చూతము.

పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద శస్త్రచికిత్స అయినచో రెండు మూడు వారములు కదలక పడుకొనవలెనన్నది శాసనము. కదలిన కుట్లు ఊడునని భయము. బెర్లిన్ పండితుడు రుడాల్ఫ్ విర్షో, కాలి సిరలలో గడ్డకట్టిన రక్తము తెగి, కొట్టుకొనిపోయి ఊపిరితిత్తుల నాళమునకు అడ్డుపడునని 1850ల నాటికే చూపియుండెను. రక్తము మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తపు గుణము మారుట అను మూడును గడ్డలకు కారణములని నేటికిని ఆయన పేరిట చెప్పుదురు. అటువంటప్పుడు దీర్ఘశయనము మేలెట్లగును? 1899లో షికాగో వైద్యుడు ఎమిల్ రీస్ ఉదర శస్త్రచికిత్స చేసిన రోగులను కొద్ది దినములకే లేపి నడిపించితినని వ్రాసెను. ఎవరును లక్ష్యపెట్టలేదు. 1940లలో డెట్రాయిట్ నగరపు డేనియల్ లైథౌజర్ ఈ వాదమునే పట్టుదలతో చేసి, 1946లో దానిపై గ్రంథము ప్రకటించెను. ప్రపంచ యుద్ధములో పడకలు చాలక, రోగులను త్వరగా లేపవలసి వచ్చుట కూడ ఆ వాదమునకు సాయపడినది. వాదము గెలువని చోట కొరత గెలిచినది.

తొడల చికిత్సలో విర్షో చెప్పిన మూడు కారణములును ఒకేచోట కూడును. నాళములు నలుగును, నొప్పివలన రోగి కదలడు, గాయమైన శరీరమున రక్తము త్వరగా గడ్డకట్టును. ఈ అపాయము ఊహ కాదు. 1994 నుండి 1998 వరకు అమెరికాలో జరిగిన సుమారు 5 లక్షల కొవ్వుపీల్పు చికిత్సలను గూర్చి శస్త్రవైద్యుల నడిగి సేకరించిన లెక్కలు 2000లో వెలువడెను. 95 మరణములు తేలినవి. అనగా సుమారు 5 వేల చికిత్సలకు ఒకటి. వానిలో అన్నిటికంటె హెచ్చు, దాదాపు నాల్గవ వంతు, ఊపిరితిత్తులలో రక్తపుగడ్డ అడ్డుపడుట వలననే. కత్తి చేసిన గాయముకంటె కదలని కాలు ఎక్కువమందిని చంపినది. అందుచేతనే ఆనాటి సాయంకాలమే రోగిని లేపి నాలుగడుగులు వేయింతురు. పడుకొన్నప్పుడు పాదములు ఆడింపుమందురు. అపాయము హెచ్చుగా నున్నవారికి రక్తము గడ్డకట్టకుండ మందు ఇత్తురు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినను, ఉన్నట్లుండి ఆయాసము వచ్చినను, అది సామాన్యమైన నొప్పి అని ఇంట కూర్చుండరాదు. తక్షణము ఆసుపత్రికి పోవలెను.

బిగుతు తొడుగుల కథ భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు పనికివచ్చునది. అమెరికాలోని టొలిడో నగరమున కాన్రాడ్ జాబ్స్ట్ అను ఇంజనీరు కాలి సిరల వ్యాధితో బాధపడుచుండెను. ఈతకొలనులో నిలుచున్నప్పుడు నొప్పి తగ్గుట గమనించెను. ఎందువలన? నిలిచియున్న మనిషి గుండె నుండి చీలమండ వరకు సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తు గల రక్తస్తంభమున్నది. రక్తము ఇంచుమించు నీటి సాంద్రత గలది. పాదరసము నీటికి 13.6 రెట్లు. 1200 మిల్లీమీటర్లను 13.6చే భాగింపగా చీలమండలోని సిరపై దాదాపు 88 మిల్లీమీటర్ల పాదరస పీడనము వచ్చును. నీటిలో నిలిచినప్పుడు వెలుపలి నీరు కూడ అదే నియమము ననుసరించి నొక్కును. మీటరు లోతున పాదము వద్ద 73 మిల్లీమీటర్లు, సగము లోతున 37, ఉపరితలమున సున్న. లోపలి ఒత్తిడి ఎచట హెచ్చో వెలుపలి ఒత్తిడియు అచటనే హెచ్చు. జాబ్స్ట్ 1950 ప్రాంతమున ఈ క్రమమునే నూలులో నేసెను. అతని మేజోడు చీలమండ వద్ద బిగుతుగాను, పైకి పోనుపోను వదులుగాను ఉండెను.

తొడ చికిత్స తరువాత తొడిగించు బిగుతు లాగునకు మరియొక పని కూడ కలదు. అది చర్మమును అడుగుపొరకు ఒత్తిపట్టి, ఖాళీ మిగులకుండ చేసి, రసి చేరనీయదు. మన ఇండ్లలో బాలింతలకు నడికట్టు కట్టుట తెలిసినవారికి ఈ భావము క్రొత్త కాదు. సాధారణముగా 4 నుండి 6 వారములు ధరింపుమందురు. అయితే తొడ మధ్యన బిగుతై క్రింద వదులైన తొడుగు మేలుకంటె కీడే చేయును. అది త్రాటికట్టు వలె రక్తమును క్రిందనే నిలిపి మోకాలిని, పిక్కను వాపించును. ముడత పడి చర్మములోనికి దిగిన అంచుకూడ అంతే.

గాయము మానుటకు తనదైన కాలమానము కలదు. మూడు వారములకు కుట్టు పైకి పూర్తిగా అతికినట్లే కనబడును గాని, దాని బలము మామూలు చర్మపు బలములో అయిదవ వంతు మాత్రమే. మూడు నెలలకు నూటికి 70, 80 వంతుల వరకు వచ్చి, అచటనే నిలిచిపోవును. మచ్చ ఎన్నటికిని మొదటి చర్మమంత గట్టిది కాదు. కావున పైకి లాగి కుట్టిన తొడలకు మొదటి వారములలో కాళ్ళు ఎడముగా చాపుట, గొంతుక్కూర్చుండుట, బాసిపట్టు వేయుట నిషిద్ధములు. నేలపై కూర్చుండి భోజనము చేయు అలవాటు గలవారికి ఇది చెప్పినంత సులభము కాదు. గజ్జను పొడిగా ఉంచవలెను. పొగ త్రాగువారు ముందుగానే మానవలెను. పొగాకు చర్మపు సన్నని నాళములను ముడిచి, అసలే తగ్గియున్న రక్తమును మరింత తగ్గించును. వాపు చాలభాగము ఆరు వారములలో తీసినను, పూర్తిగా తీయుటకు నెలలు పట్టును. ఎఱ్ఱని మచ్చ పాలిపోవుటకు ఇంచుమించు ఏడాది.

అంతయు సవ్యముగా నడచినదనుకొందము. ఫలితము నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము విచిత్రముగా అణుబాంబుల నుండి వచ్చినది. 1955 నుండి 1963 వరకు ఆకాశములో పేల్చిన బాంబుల వలన గాలిలో కార్బన్-14 హఠాత్తుగా పెరిగి, పరీక్షల నిషేధము తరువాత క్రమముగా తగ్గుచు వచ్చెను. ఆ కార్బన్ మొక్కల ద్వారా ఆహారములో చేరి, ఆయా ఏండ్లలో పుట్టిన కణముల కేంద్రములలో ముద్ర వలె నిలిచిపోయెను. స్టాక్‌హోమ్ నగరపు కరోలిన్‌స్కా సంస్థలో కిర్‌స్టీ స్పాల్డింగ్ ప్రభృతులు 2008లో ఈ ముద్రను చదివి కొవ్వుకణముల వయస్సును లెక్కించిరి. పెద్దవారిలో ఏటా సుమారు పదియవ వంతు కణములు చచ్చి, అంతే సంఖ్యలో క్రొత్తవి పుట్టుచున్నవి. మొత్తము సంఖ్య మాత్రము స్థిరము. చిక్కినను బలిసినను పెద్దవారిలో ప్రధానముగా మారునది కణముల పరిమాణమే. శరీరము తన కొవ్వు ఖాతాను జాగ్రత్తగా చూచుకొనుచున్నదని దీనివలన తెలియును.

మరి ఆ ఖాతాలో కొంత బలవంతముగా తీసివేసినచో? 2011లో కొలరాడో విశ్వవిద్యాలయపు టెరీ హెర్నాండెజ్, రాబర్ట్ ఎకెల్ ప్రభృతులు స్థూలకాయులు కాని 32 మంది స్త్రీలపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. చీట్లు వేసినట్లు విభజించి 14 మందికి తొడలు, తుంటి, పొత్తికడుపు భాగములలో కొవ్వు పీల్చిరి. 18 మందిని ఊరక ఉంచి కొలిచిరి. తిండిలోను, వ్యాయామములోను మార్పు చేయవద్దని అందరికిని చెప్పిరి. ఆరు వారములకు చికిత్స పొందినవారిలో కొవ్వు స్పష్టముగా తగ్గెను. ఏడాదికి ఆ తేడా మాసిపోయెను. అయితే తొడలు మాత్రము సన్నగానే నిలిచెను! తిరిగి వచ్చిన కొవ్వు ఉదరమునకు, పేగుల చుట్టునకు చేరెను. తొడ కొవ్వు సాధారణముగా నిరపాయమైనది. పేగుల చుట్టు చేరునది మధుమేహమునకు, గుండెజబ్బునకు చుట్టము. రూపము దక్కినను ఆరోగ్యపు దృష్టితో ఇది నష్టపు బేరమే. 2004లో సెయింట్ లూయిస్ నగరపు సామ్యూల్ క్లైన్ ప్రభృతులు 15 మంది స్థూలకాయ స్త్రీలలో ఒక్కొక్కరినుండి సుమారు 10 కిలోల కొవ్వును పీల్చి తీసిన పిమ్మట పరీక్షింపగా, వారి రక్తపుపోటులో గాని, ఇన్సులిన్ పనితనములో గాని మెరుగు కనబడలేదు. తిండి తగ్గించి, శ్రమచేసి అంతకంటె తక్కువ బరువు దిగినవారిలో ఆ మెరుగు కనబడును.

కావున బరువు తగ్గుటకు ఈ చికిత్సను ఆశ్రయించుట పొరపాటు. బరువు కొన్ని నెలలుగా నిలకడగానున్న వారికే చేయవలెనని, తరువాత కూడ నడక, మితాహారము వదలరాదని వైద్యులు పట్టుబట్టుటకు ఇదియే కారణము. బ్రెజిల్‌లో 2012లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, కొవ్వు పీల్చిన రెండు నెలల తరువాత వ్యాయామము చేసిన స్త్రీలలో ఉదరపు లోపలి కొవ్వు పెరుగలేదు; చేయని వారిలో పెరిగెను.

కొలరాడో పరిశోధనలో ఒక చివరి ఘట్టము కలదు. పరీక్ష ముగిసిన పిదప, ఊరక ఉంచబడిన స్త్రీలను పిలిచి, కొవ్వు వేరొక చోట మరల చేరుచున్నదని చెప్పి, ఇప్పటికిని చికిత్స కావలయునా అని అడిగిరి. సగమునకు పైగా కావలయుననిరి.